తీగ మీద వెలిగిన పొయ్యి

మా స్నానాలగదిలో నల్లా కారుతుంది. ప్లంబరు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ వాషరు మార్చాడు. మూడుసార్లూ "ఇగ ఈ జన్మల కారదు సార్" అని హామీ ఇచ్చాడు. ఆయన మెట్లు దిగేలోపలే నల్లా తన పని తాను మొదలుపెడుతుంది. నీళ్లు వృథా అవుతున్నాయని ఇంట్లోవాళ్ల బాధ. నా బాధ అది కాదు. ఆ నల్లా పొద్దస్తమానం ఒకే అక్షరం పలుకుతుంది. టెలిగ్రాఫు భాషలో ఒక్క చుక్క పడితే అది ఇంగ్లీషు 'ఈ'. ఈ, ఈ, ఈ. తరువాతి అక్షరం రాదు. ఎదుటి మనిషి మాట మొదలుపెట్టి ఊరుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది.

ఉద్యోగం నుంచి నేను రిటైరయ్యాను గాని నా చెవి కాలేదు. ఎవరో వక్క కొడుతుంటారు, ఎవరో బల్ల మీద వేళ్లతో తాళం వేస్తుంటారు, నేను చదివేస్తుంటాను. చాలావరకు అర్థం లేని మాటలే. ఆ రోజుల్లో తీగ మీద మేం మాట్లాడుకున్నవీ చాలావరకు అర్థం లేనివే. తేడా ఏమిటంటే, అవి వినడానికి నేను పొద్దున లేచినప్పటి నుంచి ఎదురుచూసేవాణ్ని.

నాకు వాదించడం నేర్పింది అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం. అప్పుడు హనుమకొండలో బీయెస్సీ చదువుతున్నాను, అంటే చదవవలసి ఉంది. కాలేజీలు మూతపడ్డాయి. పొద్దునంతా ఊరేగింపు, ఊరేగింపు లేనప్పుడు ఊరేగింపు గురించి వాదన. వందల గొంతుల్లో నా గొంతు బాగానే కలిసిపోయేది. విడిగా వింటే మాత్రం ఎవరూ తల తిప్పేవారు కాదు. ఒక ఏడాది చదువు అట్లా పోయింది. లింగాల ఘనపూర్ దగ్గర మా ఊరికి పోతే, మా బాపు "ఏం సంపాయించినవురా?" అని అడిగాడు. "గొంతు" అన్నాను. ఆయన నవ్వలేదు. మా ఇంట్లో నా హాస్యానికి మొదటి నుంచీ ఆదరణ తక్కువే.

డిగ్రీ ఆలస్యంగా చేతికొచ్చింది. ఆ తరువాత పోస్టాఫీసులో సిగ్నలరు ఉద్యోగం దొరికింది. అంటే టెలిగ్రాములు కొట్టేవాడు, అందుకునేవాడు. శిక్షణలో మాకు పాఠం చెప్పినాయన కోస్తా మనిషి. క్లాసు నీరసపడినప్పుడల్లా నన్ను లేపి ఏదో ఒకటి అడిగేవాడు. నేను "ఏంది సార్?" అనగానే క్లాసు తేరుకునేది. ఆ నెలలన్నీ నేను వాళ్లకు హాస్యనటుడిగా ఉచితంగా పనిచేశాను. అందుకేనేమో, తీగ ముందు కూర్చున్న మొదటి రోజే నాకు తీగ నచ్చింది. తీగ మీద యాస ఉండదు. చుక్క, గీత, అంతే. ఏ ఊరివాడు కొట్టినా చుక్క చుక్కే.

మొదటి పోస్టింగు భూపాలపల్లి. ఈనాటి ఊరు తెలిసినవాళ్లు దాన్ని మరచిపోవాలి. అప్పుడది అడవి అంచున ఒక వీధి, నాలుగు కొట్లు, ఆగితే ఆగిన బస్సు. పెంకుటింట్లో ముందు గది పోస్టాఫీసు, వెనక గది నా ఇల్లు. పోస్టుమాస్టరు, గుమాస్తా, సిగ్నలరు అన్నీ నేనే. ఆఫీసులో క్రమశిక్షణ బాగుండేది, అందరూ నా మాట వినేవారు. పొద్దున సంచి తెచ్చిన ముసలి పోస్టుమాన్ ఉత్తరాలు తీసుకుని ఊళ్లు తిరగడానికి పోతే, మరునాటి దాకా నాకు మనిషి ముఖం కనిపించడం ఊరివాళ్ల దయ. టెలిగ్రాములు వారానికి రెండో మూడో. అవీ ఎవరికి వస్తే వాళ్లింట్లో ముందు ఏడుపు మొదలయ్యేది, తరువాత కాగితం చదివించుకునేవారు. ఒకసారి కొడుకు పరీక్ష పాసైన టెలిగ్రాము తీసుకుపోతే, ఆ ఇంటి ఆడవాళ్లు ఏడుపు ఆపడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రాలు ఊరి బయట సర్వేవాళ్లు బొగ్గు కోసం భూమికి తూట్లు వేస్తున్న చప్పుడు వినపడేది. అది మోర్సులో, అంటే మా టెలిగ్రాఫు భాషలో, ఏ అక్షరమూ కాదు. కొన్నాళ్లు ప్రయత్నించి వదిలేశాను.

నన్ను బతికించింది మధ్యాహ్నాలు. మా జిల్లా పెద్దాఫీసులో ఒక బల్ల ఉండేది. జనగామ తీగ, మహబూబాబాద్ తీగ, నా తీగ, మూడూ ఆ బల్ల మీదికే వచ్చేవి. అన్నాల వేళ దాటాక టెలిగ్రాములు ఉండవు. అప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన మూడు తీగలనూ కలిపి ఒక్కటి చేసేవాడు. ఇక ఎవరు కొట్టినా అందరికీ వినపడుతుంది. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్లం. ఇట్లా చేయకూడదని నిబంధన ఉండేది. భూపాలపల్లిలో నిబంధన అమలుచేయవలసిన అధికారిని కూడా నేనే కావడం వల్ల ఇబ్బంది రాలేదు.

పేర్లు ఎవరమూ వాడలేదు. ఊరి పేరే మనిషి పేరు. నేను భూపాలపల్లి. జనగామ నాకంటే పదేళ్లు పెద్ద, ఉర్దూ ఇంట్లో పుట్టి తెలుగులో పోట్లాడే మనిషి. ఆయన్ను 'భాయ్‌సాబ్' అనేవాణ్ని. మహబూబాబాద్‌ను మా వైపు ఎవరైనా మానుకోట అనే అంటారు, తీగ మీద అక్షరాలు కూడా కలిసివస్తాయి. కాబట్టి అక్కడివాడు మానుకోట.

వాదనే మా ఆట. పత్రికలో ఏదో చదివి జనగామ ఒక విషయం పడేసేవాడు. రైలింజనుకు బొగ్గు మంచిదా, డీజిలు మంచిదా? ఆముదంతో మోటరు నడుస్తుందా? అందరం ఒకే వైపు ఉంటే ఆట సాగదు గదా. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. తీగ మీదికి ముందు వచ్చినవాడు తనకు నచ్చిన పక్షం తీసుకుంటాడు, తరువాతివాడు మిగిలినదాంట్లో ఏరుకుంటాడు, చివర వచ్చినవాడికి ఎవరూ ముట్టనిది దక్కుతుంది. దాన్ని వాడు ప్రాణం పెట్టి సమర్థించాలి. మధ్యాహ్నం బ్యాటరీ సీసాల్లో నీళ్లూ నవాసారమూ పోసి వచ్చేసరికి నేనే చివరివాణ్ని అయ్యేవాణ్ని. ఆ విధంగా నేను సమర్థించని పనికిమాలిన సంగతి లేదు. ఆముదం మోటరు మీద నేను చేసిన ప్రసంగం విని పెద్దాఫీసు పెద్దాయన "నీ తీగ నూనె ఓడుతున్నది" అని కొట్టాడు.

ఇట్లా నడుస్తుండగా పాత మానుకోటకు బదిలీ అయింది. కొత్త మానుకోట వచ్చాడు. ప్రతి సిగ్నలరుకూ ఒక 'చేయి' ఉంటుంది, రాతలో దస్తూరీ లాగా. రెండు మాటలు వింటే ఎవరు కొడుతున్నారో చెప్పొచ్చు. ఇతని చేయి మెత్తగా, వడివడిగా, ఎక్కడా తడుముకోకుండా పోయేది. మాట్లాడేది తక్కువ. నేను ఏదైనా చెప్పి ఆగితే ఒకటే మాట కొట్టేవాడు: "తర్వాత?"

నా జీవితంలో అంతవరకూ నన్ను ఎవరూ "తర్వాత?" అని అడగలేదు. కొన్నాళ్లకు 'అన్న' కూడా చేర్చాడు. "తర్వాత, అన్న?" అది వినడం కోసం నేను పొద్దున పళ్లు తోముకుంటూ వాదనలు తయారుచేసుకునేవాణ్ని. మా పద్ధతి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. తెలిసే ఉంటుందని జనగామ అనుకున్నాడట. నేనూ అట్లాగే అనుకున్నాను. తెలియదేమో అని ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చినా, దాన్ని పెంచలేదు.

అది గ్యాస్‌నూనె దొరకని కాలం. అంటే కిరసనాయిలే, మావైపు అట్లా అంటారు. డబ్బాలు వరుసలో పెట్టి మనుషులు నీడకు పోయి కూర్చునేవాళ్లు. ఒక మధ్యాహ్నం జనగామ అడిగాడు: "ఇంట్ల పొయ్యికి రేపు ఏది దిక్కు?" తానే బొగ్గు తీసుకున్నాడు. నా ఊరి కింద బొగ్గును నాకు వదలకుండా తీసుకోవడం అన్యాయమే గాని ముందు వచ్చినవాడు ఆయన. పెద్దాయన కరెంటు తీసుకున్నాడు. నేను వచ్చేసరికి మిగిలింది గోబర్ గ్యాసు.

పేడ నాకు తెలుసు. గ్యాసు సంగతి పల్లీలు చుట్టిచ్చిన కాగితం ముక్కలో సగం చదివాను. ఆ సగంతో నేను రెండు గంటలు వాదించాను. నీలి మంట అన్నాను. పొగ ఉండదన్నాను. గిన్నె అడుగు ఎంత తెల్లగా ఉంటుందంటే దాంట్లో చూసి తల దువ్వుకోవచ్చన్నాను. గుంత తవ్వడం, మీద ఇనుప డ్రమ్ము బోర్లించడం, పైపు లాగడం, ఇంతే, ఇదొక పని కాదు పొమ్మన్నాను.

జనగామ ఎగతాళి చేశాడు. "అరే భాయ్, నీ మాట నమ్మి దునియాల ఒక్కడన్న పొయ్యి ముట్టించిండా?"

తరువాత మానుకోట చేయి వినిపించింది.

"మాకు నాలుగు బర్లున్నయి. అవ్వ కండ్లు పొగకు ఖరాబైనయి, పొద్దుగూకంగనే నీళ్లు కారుతయి. నువ్వు చెప్పింది నిజమేనా, అన్న?"

అప్పుడు నేను కొట్టవలసిన మాట "తెలువదు." చేతికి అరనిమిషం పని. మా పద్ధతి ఇదీ అని చెప్పి, నాకు మిగిలిన పక్షం నేను వాదించానయ్యా, పొయ్యి సంగతి నాకేం తెలుసు అంటే సరిపోయేది. కాని చెబితే ఏమవుతుందో నాకు కనపడుతూనే ఉంది. అంతవరకూ నేను చెప్పినవన్నీ అతడు వెనక్కి తిరిగి చూసుకుంటాడు. రేపటి నుంచి "తర్వాత?" అనడు. భూపాలపల్లిలో నాకున్నది ఆ ఒక్క మాటే.

"నిజమే" అని కొట్టాను.

మరునాడే గుంత మొదలైంది. పెరట్లో బండ తగిలిందని బర్రెల కొట్టాన్నే సగం తవ్వించాడు. బర్రెలను బయట వేపచెట్టుకు కట్టేశారు. రోజూ ప్రశ్నలు. లోతు ఎంత? గోడకు ఇటుకా, సిమెంటు రింగులా? నేను మొదటి నాలుగు రోజులూ తలలోంచి తీసి చెప్పాను. పేడ ఎట్లా పోయాలంటే, ఉన్నదున్నట్టు పొయ్యమన్నాను. ఐదో రోజు భయం పట్టుకుంది. సెలవు పెట్టుకుని, అంటే సెలవు కోరుకుని నేనే మంజూరు చేసుకుని, పరకాల బస్సెక్కి బ్లాకాఫీసుకు పోయాను. అక్కడ ఒకాయన బీరువా వెనక నుంచి ఒక కరపత్రం తీసి దుమ్ము దులిపి ఇచ్చాడు. "మీకెన్ని పశువులున్నయి?" అని అడిగాడు. లేవన్నాను. ఆయన కరపత్రాన్ని వెనక్కి తీసుకుందామా అన్నట్టు చూశాడు.

ఆ కరపత్రాన్ని పది మధ్యాహ్నాలు తీగ మీద పంపాను. బొమ్మలను కూడా మాటల్లోకి మార్చి పంపాను. టెలిగ్రాఫు చరిత్రలో పేడ గుంత బొమ్మ పంపినవాణ్ని నేనొక్కణ్నేనని నా నమ్మకం, కాదన్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. రెండో రోజు చిక్కు వచ్చింది. పేడలో సరిసమానంగా నీళ్లు కలిపి చిక్కటి అంబలి లాగా చేసి పోయాలని కరపత్రంలో ఉంది.

"కొత్త పద్ధతి వచ్చింది" అని కొట్టాను. "నీళ్లు కలుపుతరట."

"మరి మొన్న చెప్పింది, అన్న?"

"అది పాతది."

జనగామ మధ్యలో దూరాడు. "పాతది ఎన్ని రోజులు నడిచింది, మియా? నాలుగు రోజులా?"

మానుకోట గుంతలో పోసిన పేడనంతా తట్టలతో ఎత్తి, నీళ్లు కలిపి మళ్లీ పోయించాడు. తారు డబ్బాలు కోయించి, రైల్వే గేటు దగ్గర వెల్డింగు చేసే ఆయనతో డ్రమ్ము అతికించాడు. ఆ వారాల్లో నేను నా ఊళ్లో కన్నా అతని కొట్టంలోనే ఎక్కువ ఉన్నాను. ఏ బర్రె ఎటు పడుకుంటుందో నాకు తెలుసు. వాటిలో ఒకటి ఈనిందంటే ఆ రోజు పోస్టుమాన్‌కు బెల్లం పెట్టాను.

నెలా పదిహేను రోజులకు ఒక మధ్యాహ్నం అందరికంటే ముందే మానుకోట తీగ మీద ఉన్నాడు.

"ముట్టింది, అన్న."

"ఏ రంగు?"

"నీలం."

ఆ రోజు అతని చేయి చాలా శుభ్రంగా ఉంది. సర్కారు టెలిగ్రాము కొట్టినట్టు అక్షరం అక్షరం విడివిడిగా. సంతోషం వల్ల అనుకున్నాను.

జనగామ ఓటమి ఒప్పుకున్నాడు. "ముబారక్. బొగ్గు ఓడింది. భూపాలపల్లి జిందాబాద్." తీగ మీద జిందాబాద్ కొట్టించుకోవడం నాకు అదే మొదటిసారి, చివరిసారి. నేను లేచి వీధిలోకి వచ్చాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. వీధిలో సర్వేవాళ్ల జీపు డ్రైవరు టైరుకు గాలి కొడుతున్నాడు.

"మానుకోటల పొయ్యి ముట్టింది" అన్నాను.

ఆయన పంపు ఆపాడు. "మీ చుట్టాలా సార్?"

"కాదు."

"దోస్తా?"

"నేనెన్నడు చూడలే."

ఆయన మళ్లీ గాలి కొట్టడం మొదలుపెట్టాడు. నేను లోపలికి వచ్చి వంట చేసుకున్నాను. నా పొయ్యి కట్టెలదే. ఆ రోజు చాలా పొగ వచ్చింది.

అప్పటి నుంచి రోజూ వాతావరణ వార్తలాగా మంట వార్త వచ్చేది. ఇయ్యాల అన్నం, పప్పు. నీలం. ఇయ్యాల పాలు కాగబెట్టినం. నీలం. అవ్వ, అంటే వాళ్లమ్మ కళ్లు ఎట్లా ఉన్నాయంటే, "జర నయం" అనేవాడు. నేను ఆ మాట విన్న రోజు హాయిగా నిద్రపోయేవాణ్ని. చేసిన మోసం మంచిగా మారితే దాన్ని మోసమనాలా అని నాతో నేను వాదించేవాణ్ని. ఆ వాదనలో కూడా చివరికి వచ్చినవాణ్ని నేనే, మిగిలిన పక్షం నాదే.

రెండు మూడేళ్లు ఇట్లాగే గడిచాయి. వాదనలు మారాయి. ఒకసారి జనగామ తన బామ్మర్ది సంగతి తెచ్చాడు. ఆ పిల్లగాడు హైదరాబాదులో కంప్యూటరు అనే మిషన్ ఉన్న ఒక కంపెనీలో చేరాడట. మిషన్ తయారు చేయరు. మిషన్ అమ్మరు. మిషన్ ఏం చేయాలో ఆజ్ఞలు రాసి, ఆ ఆజ్ఞలను అమ్ముతారు.

"ఆజ్ఞలు ఎవరు కొంటరు, భాయ్‌సాబ్?" అని అడిగాను. "మా ఇన్‌స్పెక్టరు ఉచితంగ ఇస్తడు, అయినా తీసుకునేటోడు లేడు."

"నవ్వు, నవ్వు. ఒకనాడు గదే మిషన్ వచ్చి మన కుర్చీల కూసుంటది."

"కూసుంటే కూసోని. మధ్యాహ్నం బ్యాటరీలల్ల నీళ్లెవరు పోస్తరు?"

"బ్యాటరీలే ఉండయి."

మానుకోట అడిగాడు: "అప్పుడు మనం ఎట్ల మాట్లాడుకుంటం?"

ఆ రోజు ఆట తొందరగా ముగిసింది.

మిషన్ రాలేదు గాని, టెలిఫోను వచ్చింది. బొగ్గు బాగానే దొరికేట్టుందని భూపాలపల్లికి తీగలు లాగారు. ఇక టెలిగ్రాములు ఫోనులో చదివి చెబుతారు, రాసుకుంటే చాలు, మోర్సు తీగ వచ్చే నెల నుంచి తీసేస్తున్నాం అని కాగితం వచ్చింది. జనగామ, మానుకోట తీగలు ఇంకొన్నాళ్లు ఉంటాయి. పోయేది నాదొక్కటే. కాగితాన్ని రెండుసార్లు చదివి, అందుకున్నట్టు సంతకం పెట్టి, ఫైలులో పెట్టాను. ఆ పని చేయవలసిన గుమాస్తాను కూడా నేనే.

తీగ పోయేలోపు మానుకోటకు నిజం చెప్పాలనుకున్నాను. చెప్పి, ఆ తరువాత కూడా అతడు నాకు ఉత్తరం ముక్క రాస్తాడో రాయడో తేల్చుకోవాలి. తీగ మీద చెబితే జనగామ వింటాడు. అందుకని "ఆదివారం మీ ఇంటికి వస్తున్న" అని కొట్టాను.

మానుకోట కొట్టాడు: "ఈ వారం వద్దన్న. అవ్వ ఊరికి పోయింది."

"నేను పొయ్యిని చూడ వస్తున్న. పొయ్యి గూడ ఊరికి పోయిందా?"

ఒకటే మాట వచ్చింది: "రా."

బస్సులో కాజీపేట, అక్కడి నుంచి రైలు. స్టేషన్లో నా కోసం ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. ఆ చేయిని బట్టి నేను సన్నటి మనిషిని ఊహించుకున్నాను. దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు. మాట రాలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్లు మూసుకున్నాడు. "అ... అ... అన్న" అన్నాడు. ఆ ఒక్క మాటకే అతనికి చెమట పట్టింది.

తీగ మీద ఎక్కడా తడుముకోని మనిషి. నేను "ఏంది, మంచిగున్నవా?" అన్నాను. తల ఊపాడు. ఇంటి దాకా ఇద్దరం నడిచాం. మూడేళ్లుగా రోజూ మాట్లాడుకున్నవాళ్లం, ఆ దారిలో మాట్లాడుకున్నది వాన గురించి ఒక మాట. అదీ నేనే అన్నాను.

ఇంటి ముందు చెట్టు కింద బర్రెలు ముసురులో తడుస్తున్నాయి. వాటిని లెక్కపెట్టకుండానే గుర్తుపట్టాను. కొట్టంలో సగం గుంత. డ్రమ్ము గుంతలో లేదు, గోడకు ఆనించి ఉంది, దాని నీడలో కోడి పొదుగుతున్నది. లోపల గ్యాసు పొయ్యి గూట్లో ఉంది. మీద తెల్లబట్ట కప్పారు. బట్ట తీసి చూశాను. మసి లేదు, మరక లేదు, ఒక్క పప్పు గింజ జారిన గుర్తు లేదు. వెనకవైపు తడకల వంటపాకలో పొగ సుడి తిరుగుతున్నది. దాంట్లో ఒక ముసలామె గొట్టంతో పొయ్యి ఊదుతున్నది. ఊదడం ఆపి, కొంగుతో కళ్లు తుడుచుకుని నన్ను చూసింది. ఊరికి పోలేదు. ఎన్నడూ పోయినట్టు కూడా లేదు.

అతడు నేల చూస్తూ నిలబడ్డాడు. "ఇ... ఇయ్యాల... గ్యాస్... జర తక్కువున్నది" అన్నాడు.

"ముసురు గదా" అన్నాను. "తగ్గుతది."

అవ్వ చాయ్ ఇచ్చింది. అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాం. చెప్పాలని వచ్చిన మాట నా నోట్లోనే ఉంది. నాకు నత్తి లేదు, అయినా రాలేదు. అతని పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి. చాయ్ అయిపోయింది. ఉత్త గ్లాసులు పట్టుకుని ఎంతసేపని కూర్చుంటాం? అప్పుడు అతడు చెంచా తీసుకున్నాడు. స్టీలు గ్లాసు అంచు మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. ఆ మెత్తటి చేయి. ఎక్కడా తడుముకోని చేయి.

"ఎన్నడు ముట్టలే, అన్న. ఒక్కదినం గూడ. జనగామ ముందల నీ మాట పోతదని చెప్పిన."

నేను వేలి ఉంగరంతో నా గ్లాసు మీద కొట్టాను. "నేనెన్నడు చూడలే. నాకేం తెలువదు. ఆఖరికి వచ్చిన, గదే మిగిలింది."

మా పద్ధతంతా చెప్పాను. కొట్టడానికి చాలాసేపు పట్టింది. అతడు విన్నాడు. చివరికి చెంచా ఎత్తాడు, ఆగాడు, కొట్టాడు.

"తర్వాత?"

నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. ఆ భారీ మనిషి భుజాలు ఊగేట్టు, చప్పుడు లేకుండా నవ్వాడు. ఆముదం మోటరు కూడా అబద్ధమేనా అని అడిగాడు. అది మాత్రం నిజమని కొట్టాను. ఇద్దరం గ్లాసులు మోగిస్తూ ఇంకా ఏవేవో చెప్పుకున్నాం. వచ్చే నెల నా తీగ తీసేస్తున్నారని కూడా చెప్పాను. అక్కడ అతని చెంచా ఆగిపోయింది.

వంటపాక గడపలో అవ్వ ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. చేతిలో ఊదుగొట్టం, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు పొగవల్ల వచ్చిందే. గ్లాసులనూ మా చేతులనూ చూసింది. తరువాత కొడుకును వదిలేసి, నావైపు తిరిగింది.

"బిడ్డా, మీకు ముచ్చట వెట్టుకునుడే కావాల్నంటే ఉత్తగ ముచ్చట వెట్టుకోరాదు? నా బర్ల కొట్టం ఎందుకు తవ్విచ్చిండ్రు?"